ఒడ్డున దింపిన అట్టపెట్టె

నేను తెలివితక్కువవాణ్ణన్న అనుమానం నాకు చిన్నప్పటినుంచీ ఉండేది. ఉద్యోగంలో చేరి వరసగా ప్రమోషన్లు వచ్చేసరికి ఆ అనుమానం పోయింది. అదీ నా తెలివితక్కువతనమే. రిటైరవడానికి ఏడాది ముందు, ముసురు పట్టిన ఒక పొద్దున, ఏటిగట్టు మీద ఒక అట్టపెట్టె దగ్గర ఆ సంగతి పూర్తిగా రుజువైపోయింది.

రెవెన్యూలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికొచ్చి "మీ అనుభవాలు చెప్పండి సార్" అంటుంటారు. పొలం గట్ల తగాదాలో, పట్టాల కిటుకులో చెబుతానని వాళ్ళ ఆశ. చెప్పదగ్గది నా దగ్గర ఒక్కటే ఉంది. అనుభవమంటే మనం పడ్డది కదా; ఇది నావల్ల ఇంకొకరు పడ్డది.

నేను చివర్లో డిప్యూటీ తహసీల్దారుగా పనిచేసిన మండలంలో సగం ఊళ్ళు గట్టుకి ఇవతల ఉంటే, మిగతా సగం గోదావరి పాయల మధ్య లంకల్లో ఉండేవి. ఎగువన వానలు పడితే చాలు, ధవళేశ్వరం దగ్గర ఎన్నో ప్రమాద హెచ్చరిక ఎగరేశారోనని ఆఫీసంతా ఫోన్లు పట్టుకుని కూర్చునేది. వరద డ్యూటీ అనగానే మా వాళ్ళలో చాలామందికి జ్వరాలు వచ్చేవి. నాకు రాదు. అంచేత ఆ డ్యూటీ ఎప్పుడూ నాకే వేసేవారు, నన్ను 'వరదరాజులు గారు' అని పిలిచేవారు. వరాలిచ్చే దేవుడి పేరు గదా అని లోలోపల మురిసిపోయేవాణ్ణి. నేనెవరికీ ఏ వరమూ ఇచ్చింది లేదు. ఏటిగట్టు మీద నిలబడి గట్టిగా అరవడం, పడవలో సరుకు తడవకుండా సర్దించడం, ఈ రెండే నాకు వచ్చిన విద్యలు.

సర్దడంలో మాత్రం నాకు గర్వం ఉండేది. కింద తాగునీళ్ళ సీసాలు, పైన బిస్కట్లు, పక్కన టార్పాలిన్లు, కొవ్వొత్తులు. వెళ్ళేటప్పుడు సరుకు, వచ్చేటప్పుడు మనుషులు. పడవలో జానెడు చోటు కూడా వృథా కానిచ్చేవాణ్ణి కాదు.

ఆ పొద్దున సర్దడం పూర్తవుతుండగా మా ఊరి ఆసుపత్రి నర్సమ్మ వచ్చింది. లంకల్లో ఏ ఇంట్లో ఎవరికి నెలలు నిండాయో, ఎవరికి బీపీ మాత్రలు అయిపోయాయో తెలిసిన మనిషి. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, తలమీద ఒక పెద్ద అట్టపెట్టెతో గట్టెక్కింది.

"ఏంటమ్మా అది?" అన్నాను.

"ప్యాడ్లండి సార్. నెలసరికి వాడేవి. ఆసుపత్రిలో ఉన్నవన్నీ పోగుచేసి తెచ్చానండి. బడుంటే పిల్లలకి అక్కడ ఇస్తారు. బడికేమో వరద సెలవులిచ్చేశారు. కొనుక్కునే స్తోమత లంకలో ఎవరికుందండీ? పాత చీర గుడ్డలే గతి. ఈ ముసురులో అవి ఆరవు. తడి గుడ్డే మళ్ళీ పెట్టుకుంటారండి."

ఇంత వివరంగా చెబితే అర్థం కాకపోవడానికి నేనేం పసివాణ్ణి కాను. బాగానే అర్థమైంది. అర్థమైనందుకే సిగ్గేసింది. చుట్టూ మగవాళ్ళున్నారు. సిగ్గేసినప్పుడు జోకు వెయ్యడం నాకు పాత జబ్బు.

"ఈ వరదలో అదొక్కటే తక్కువైందా అమ్మా!" అన్నాను.

అందరూ నవ్వారు. కింది ఉద్యోగులు మన జోకుకి నవ్వితే చెవులకి ఎంత తియ్యగా ఉంటుందో మీకూ ముందు ముందు తెలుస్తుంది. అప్పుడు నన్ను తలుచుకోండి.

"ముందు ప్రాణాలు దక్కనివ్వండి. ఇవన్నీ తరవాత చూద్దాం" అని ఆ పెట్టె దింపించి, ఆ చోట్లో ఒక నాయకుడు పంపిన బిస్కట్ల పెట్టె పెట్టించాను. దానిమీద ఆయన ఫోటో ఉంది. బిస్కట్ల కన్నా ఆ ఫోటో లంకకి చేరడం ముఖ్యమని నాకు ముందే చెప్పి ఉంచారు.

"పోనీ నేనైనా వస్తానండి సార్. ఆడవాళ్ళు నాతో అయితే చెప్పుకుంటారు" అంది నర్సమ్మ.

"మీకెందుకమ్మా ఈ శ్రమ? క్యాంపులో పులిహోర సంగతి చూడండి. తిరుగు ట్రిప్పులో మీ బదులు లంకనుంచి ఇంకో మనిషి వస్తాడు."

అది మర్యాద అనుకున్నాను. ఇప్పటికీ నన్ను బాధపెట్టేది జోకు కాదు, ఆ మర్యాద.

మా పడవ ఒక పెద్ద చేపల పడవ, ఇంజనుది. నడిపే సరంగే దాని యజమాని, సముద్రం ఒడ్డునుంచి వచ్చిన గంగపుత్రుడు. పడవ ముక్కుకి పసుపు రాసి బొట్లు పెట్టి, బయల్దేరే ముందు గంగమ్మకి దణ్ణం పెట్టుకుంటేగానీ ఇంజను తిప్పేవాడు కాదు. మేమంతా చెప్పులు విప్పి ఎక్కాలి. నడుమ ప్లాస్టిక్ కుర్చీలో నేను కూర్చునేవాణ్ణి. బయట చేరిన ఆడవాళ్ళు పడవనీ, వలనీ తాకకూడదన్నది ఆ వాడల్లో తరతరాలుగా వస్తున్న పట్టింపు. ఇదీ నాకు తెలుసు. అన్నీ తెలిసి, ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకోనివాణ్ణి ఏమంటారో మీరే చెప్పండి.

లంక చివర ఒక మట్టిగోడల ఇల్లు. వాళ్ళూ చేపల మీద బతికేవాళ్ళే. ఇంటాయన ఒడిశాలో పరదీపు రేవుకి, బోటు మీద పనికి వెళ్ళాడు. ఇంట్లో ఉన్నది ఆయన భార్య, తొమ్మిదో తరగతి చదివే కూతురు, ఆ పిల్ల అమ్మమ్మ. వాకిట్లో మోకాటి లోతు నీళ్ళు. ముసలమ్మని చేయందించి ఎక్కించాం. పిల్ల మాత్రం గుమ్మం దగ్గర గోడకి వీపు ఆనించి నిలబడిపోయింది. తల్లి దాని దగ్గరికెళ్ళి ఏదో గుసగుసలాడి, మళ్ళీ మా వైపు వచ్చింది.

"మేం వచ్చే ట్రిప్పులో వత్తామండి."

"అదేంటి? ఎక్కండమ్మా, ఇద్దరికీ చోటుంది!"

"కొంచెం సామాను సర్దుకోవాలండి."

"ప్రాణాల కన్నా సామానెక్కువా మీకు?" అని అరిచాను. పిల్ల తల దించుకుంది. పడవలో ముసలమ్మ పసుపు రాసిన ముక్కు వంక చూసింది, నా వంక చూసింది. "వాళ్ళు తరవాత వత్తార్లెండి బాబూ. పోనివ్వండి" అంది.

లంక వాళ్ళకి మొండి ఎక్కువ, కోళ్ళనీ మేకలనీ వదిలి రారు అని నేను చాలా ఏళ్ళుగా ఇతరులకి చెబుతూ వస్తున్నాను. ఆ నమ్మకం ఆ క్షణాన నాకు బాగా పనికొచ్చింది. "తరవాత నన్ననకండి" అని చెప్పి పడవ తిప్పించేశాను.

మధ్యాహ్నానికి గాలి లేచింది. పాయలో చెట్లకి చెట్లే కొట్టుకొస్తున్నాయి. పడవలు ఆపెయ్యమని పైనుంచి ఫోను. "ఇద్దరు ఆడవాళ్ళు అక్కడే ఉండిపోయారండి, రమ్మంటే రాలేదు" అన్నాను మా పైఅధికారితో.

"రమ్మంటే రాని వాళ్ళకి మనమేం చేస్తామండీ?" అన్నారాయన. ఆ మాటతో నా మనసు తేలికపడింది. పైవాళ్ళ మాటకి ఆ గుణముంది.

ముసలమ్మ క్యాంపుకి రానంది. గట్టు మీద ఏదో పెట్టె కనిపిస్తే దానిమీద కూర్చుని, లంక వైపు చూస్తూ ఉండిపోయింది. అది నేను దింపించిన పెట్టే. ఆవిడకి చదువు రాదు. ఆవిడ తడవకుండా టార్పాలిన్ కప్పించాను, పులిహోర పొట్లం పంపించాను. నా జాలిగుండెకి నేనే ముచ్చటపడ్డాను కూడా.

తెల్లవారి సరంగు నేను చెప్పకుండానే ఇంజను తిప్పాడు. మేం వెళ్ళేసరికి ఆ ఇంటికి ఏటివైపు గోడ లేదు. పక్కనున్న పశువుల పాక కప్పు మీద పిల్ల ఒక్కతే ఉంది, కప్పు నడిమి దూలాన్ని రెండు చేతులా పట్టుకుని. పడవలోకి ఎత్తుకుంటుంటే సరంగుతో ఒకటే మాట అంది. "బాబాయ్, పడవకి తగులుతానండి." చలికి వణుకుతూ ఏదో కలవరిస్తోంది అనుకున్నాను.

తల్లి, వరద తీశాక, దిగువన సరుగుడు తోటలో దొరికింది.

క్యాంపు హైస్కూల్లో పెట్టాం. పిల్ల గదుల్లోకి రాలేదు. సైకిళ్ళ స్టాండులో ఒక మూల కూర్చుంది. ఆడవాళ్ళు అన్నం తెచ్చి కాస్త దూరాన పెట్టి పోయేవాళ్ళు. పెట్టినవాళ్ళే అటు తిరిగి అనుకునేవాళ్ళు. "ముట్టుతో గంగలో నిలబడిందంట. అమ్మవారు ఊరుకుంటదా? తల్లిని పట్టుకుపోయింది." అంత మెల్లగానూ అనుకోలేదు. పిల్ల వింటూనే ఉంది. నమ్ముతూనే ఉంది.

మాది నర్సరీల నేల. మా దగ్గర అంటు అంటే ఒక కొమ్మకి ఇంకో ప్రాణం కలపడం. మామిడికైనా గులాబీకైనా అంటు కట్టారంటే అపురూపంగా చూసుకుంటాం. అదే మాట ఆడపిల్ల దగ్గరికి వచ్చేసరికి సైకిళ్ళ స్టాండులో కూర్చోబెడుతుంది.

పేపరువాళ్ళు వచ్చారు. బడి వరండాలో నిలబడి "మేం చెప్పాల్సింది చెప్పామండి, రమ్మంటే రాలేదు" అని నేను మొదలుపెట్టాను. చెప్పి చెప్పి ఆ వాక్యం నాకు కంఠతా వచ్చేసింది.

"రానని అనలేదండి."

స్టాండులోంచి వచ్చిందా గొంతు. క్యాంపుకి వచ్చాక ఆ పిల్ల పైకి అన్న మొదటి మాట అదే.

"వత్తామనే అన్నాదండి మా అమ్మ. వచ్చే ట్రిప్పులో వత్తామంది. మీరు రాలేదండి."

పేపరువాళ్ళు రాసుకోవడం ఆపేశారు. నేను బియ్యం బస్తాలు చూసుకోవాలన్నట్టు లోపలికి వెళ్ళిపోయాను. బస్తాలు ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉన్నాయి.

ఆ సాయంత్రం నర్సమ్మ నన్నూ సరంగునీ స్టోరు గదిలోకి పిలిచి, పిల్ల తనతో చెప్పుకున్నదంతా చెప్పింది. పడవ వచ్చినప్పుడు పిల్ల లంగా తడిసిపోయి ఉంది, నీళ్ళతో కాదు. ఇంట్లో పొడి గుడ్డ లేదు. అలా పడవెక్కితే బల్ల మీద మరక పడుతుంది, గంగమ్మకి అపచారం. చీకటి పడేలోగా ఏదో ఒకటి చూసుకుని వచ్చే ట్రిప్పులో వద్దామనుకున్నారు. నీళ్ళు పెరిగాక తల్లి పిల్లని పాక మీదికి ఎక్కించి తనూ ఎక్కింది. పిల్ల వణుకుతుంటే ఇంట్లో అటక మీద పాత చీరల మూట గుర్తొచ్చింది. "ఉండమ్మా, గుడ్డ తెచ్చేత్తాను" అని దిగింది. అప్పుడే గోడ పడింది.

సరంగు అలాగే గోడకి జారగిలబడిపోయాడు.

"ఒక్క మాట నాకు చెప్పొచ్చు గదండీ! నాకూ ఇద్దరు ఆడపిల్లలున్నారండి. అలాటప్పుడు పసుపునీళ్ళు చల్లి ఎక్కించేత్తామండి. మా తాతల్నాటినుంచీ అంతేనండి. గంగమ్మ మాత్రం ఆడది కాదేంటండీ?"

"నీకు చెప్పడానికి భయపడిందయ్యా" అంది నర్సమ్మ. నాకు చెప్పడానికి ఎందుకు జంకిందో ఆవిడ అనలేదు. నేను వస్తానంటే మీరేగా వద్దన్నారు అని కూడా అనలేదు. ఆ తరవాత కూడా ఎప్పుడూ అనలేదు. అని ఉంటే నాకు బాగుండేది.

మర్నాడు నర్సమ్మ గట్టు మీది పెట్టె క్యాంపుకి తెప్పించి స్టాండు దగ్గరే విప్పింది. పై వరస నానిపోయింది. కింద వరసలు బాగానే ఉన్నాయి. ఒక ప్యాకెట్ తీసి పిల్ల చేతిలో పెట్టింది. ముసలమ్మ ఆ పెట్టెని అటూ ఇటూ తడిమి చూసింది.

"ఇది నేను కూర్చున్న పెట్టే గదమ్మా?"

పిల్ల ప్యాకెట్ వంక చూసి, పెట్టె వంక చూసి, నర్సమ్మనడిగింది. "ఇది ఆ రోజు కూడా గట్టు మీదే ఉందా అండీ?"

"ఉందమ్మా."

"మరి తేలేదేంటండీ?"

నర్సమ్మ నా ముఖం చూడలేదు. నన్ను కాపాడాలనే అనుకుంది. "పడవలో చోటు లేదమ్మా" అంది.

పిల్ల ప్యాకెట్ ఒళ్ళో పెట్టుకుంది. "ఇద్దరికీ చోటుందన్నారు గదండీ సార్ గారు" అంది.

అందులో నిష్ఠూరం లేదు. లెక్క తేలనప్పుడు క్లాసులో లేచి అడిగినట్టు అడిగింది. అక్కడున్న ఆడవాళ్ళందరూ నా వైపు తిరిగారు. అంతకుముందు వరండాలో పారిపోయినట్టు అప్పుడూ పారిపోదామనే చూశాను. కాళ్ళు రాలేదు.

"చోటుందమ్మా. నేనే దింపించాను. మీ మేడం గారు తనూ వస్తానంది, నేనే వద్దన్నాను. మీ అమ్మ పోయింది నీ వల్ల కాదు. గంగమ్మా తీసుకోలేదు. ఆ పాపం నాది" అన్నాను. అప్పటిదాకా ఏడవని పిల్ల ముసలమ్మ ఒళ్ళో తలపెట్టుకుని అప్పుడు ఏడిచింది. ముసలమ్మ నన్ను తిట్టలేదు. "కూర్చోండి బాబూ" అని పెట్టె చివర కొంచెం చోటిచ్చింది. నేను కూర్చోలేకపోయాను.

అంత జరిగాక మనిషి మారిపోతాడనీ, ధైర్యం వచ్చేస్తుందనీ మీరనుకుంటారు. నాకు రాలేదు. మరుసటి ఏడు వేసవిలో వరద ఏర్పాట్ల మీటింగు జరిగింది. ఇక నెలాఖరుకి నా రిటైర్మెంటు. ప్రతి పడవలోనూ ఒక ఆడమనిషి ఉండాలి, మొట్టమొదట ఎక్కే సరుకు ఈ ప్యాడ్ల పెట్టె కావాలి అని లేచి చెప్పాను.

మా పైఅధికారి కళ్ళజోడు సర్దుకుని చిన్నగా నవ్వారు. "వరదరాజులు గారూ, ఈ వరదలో అదొక్కటే తక్కువైందా అండీ!"

అచ్చం నా జోకే. నా దగ్గర నేర్చుకున్నది కాదు. ఇలాంటివి ఎవరూ ఎవరికీ నేర్పక్కర్లేదు. హాలంతా నవ్వింది. ఆ నవ్వుని నేను గుర్తుపట్టాను. ఏటిగట్టు మీద నా చెవులకి తియ్యగా తగిలింది అదే. నేను కూర్చుండిపోయాను. నెలాఖరున శాలువాలు కప్పారు. ఎన్ని కప్పినా నా తప్పు మాత్రం బయటే ఉండిపోయింది.

ఆ ఏడూ జులైలో గోదావరి పొంగింది. నాకు డ్యూటీ లేదు, జ్వరమూ లేదు. అదే గట్టు మీదికి వెళ్ళాను. ఆసుపత్రిలో అడిగి కొన్ని, ఊళ్ళో అడిగి కొన్ని, నర్సమ్మ ఈసారి ముందే పెట్టెలు సిద్ధం చేసింది. మా ఆఫీసు పాత మిత్రులూ తలా కొన్ని ప్యాకెట్లు కొనిచ్చారు. షాపువాడు నల్ల కవర్లో చుట్టబోతే వద్దని, చేత్తో పట్టుకుని బజారంతా నడిచి తెచ్చారు. ఆ పిల్ల కూడా వచ్చింది. పదో తరగతిలోకి వచ్చింది, నర్సమ్మ వెంట సాయానికి తిరుగుతోంది. ముసలమ్మ మనవరాల్ని వదలదు కాబట్టి ఆవిడా గట్టు మీదే ఉంది.

ఇంతలో పైఅధికారి వస్తున్నారని కబురు. వరద చూడ్డానికి పెద్దవాళ్ళు వస్తే పడవ మధ్యలో ఒక ప్లాస్టిక్ కుర్చీ వెయ్యడం మా దగ్గర ఆనవాయితీ. ఎన్నో కుర్చీలు నేనే స్వయంగా తుడిచి వేసినవాణ్ణి. ఆ పొద్దున కూడా పడవలో ఒక కుర్చీ వేసి ఉంది. ఎవరూ చూడకుండా దాన్ని తీశాను. తీసుకెళ్ళి ముసలమ్మకి వేశాను. సరంగు చూడనే చూశాడు. చూసి ఏటి వైపు తిరిగి నిలబడ్డాడు, భుజాలు మాత్రం నవ్వుతున్నాయి.

పైఅధికారి ఫోటోగ్రాఫర్లతో సహా ఎక్కారు. "కుర్చీ ఏదయ్యా?"

"ఆయ్, మామ్మ గారు కూర్చున్నారండి. ఆ పెట్టె మీద కూర్చోండి. గట్టిదేనండి, పోయినేడు కూడా ఇలాటిదాని మీదే ఒకరు కూర్చున్నారండి" అన్నాడు సరంగు.

ఆయన ప్యాంటు సర్దుకుని కూర్చోబోతూ "ఏముంది ఇందులో?" అన్నారు.

"ప్యాడ్లండి. నెలసరికి" అంది పిల్ల. గట్టు మీదున్న మాకు కూడా వినిపించేటట్టు చెప్పింది. అప్పటికే ఇంజను అందుకుంది, పడవ ఊగింది, ఆయన కూర్చునే పోయారు. ఫోటోలు టకటకా పడ్డాయి.

పిల్ల మాత్రం ఇంకా ఎక్కలేదు. నీళ్ళలో నిలబడి సరంగుతో అంది, అందరూ వింటుండగానే. "బాబాయ్, నాకు ఇయ్యాల బయటండి."

సరంగు దోసిట్లోకి గోదావరి నీళ్ళు తీసుకున్నాడు. నడుముకి కట్టుకున్న పొట్లంలోంచి చిటికెడు పసుపు కలిపాడు. కొంచెం పడవ ముక్కు మీద, కొంచెం ఆ పిల్ల తలమీద చల్లాడు. "అయిపోయింది. ఎక్కమ్మా" అన్నాడు. అంతే. అంతసేపే పట్టింది. అంతసేపు ఆగడానికి పోయినేడు మాకు తీరిక లేకపోయింది.

పడవ వెళ్ళింది. కుర్చీలో ముసలమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అది కనుమరుగయ్యేదాకా రెప్ప వెయ్యలేదు. ఆవిడ పక్కన నేలమీద నేను కూర్చున్నాను. మధ్యాహ్నం దాటాక ఇంజను చప్పుడు వినిపించింది. పడవ నిండా మనుషులు. అందరికన్నా ఆఖర్న పిల్ల దిగింది. దిగి, పడవ ముక్కు మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే ఉంచింది. తరవాత అమ్మమ్మ దగ్గరికొచ్చి "ఏమీ అవలేదు అమ్మమ్మా. తిరిగొచ్చేశాం" అంది. ముసలమ్మ ఆ పిల్ల తల నిమిరింది. వాళ్ళిద్దరూ ఎవర్ని తలుచుకున్నారో నాకు తెలుసు. నేను నీళ్ళ వైపు తిరిగాను.

మర్నాడు పేపర్లో ఫోటో వచ్చింది. పైఅధికారి గంభీరంగా దూరానికి చెయ్యి చూపిస్తున్నారు. ఆయన కూర్చున్న పెట్టె మీది అక్షరాలు ఆయన ముఖం కన్నా పెద్దగా పడ్డాయి. జిల్లా అంతా ఫోన్లలో చూసింది. ఆయన మళ్ళీ ఆ జోకు వెయ్యలేదని మా ఆఫీసు పిల్లలు చెప్పారు. ఇప్పుడు ఏ మీటింగులో పడవల మాట వచ్చినా, ఎవరూ అడగకముందే "ఆ పెట్టె ఎక్కించారా?" అని ఆయనే అంటున్నారట.

ఇంత సర్వీసు చేసి నేను తీర్చుకున్న పగ అదొక్కటే, ఒక ప్లాస్టిక్ కుర్చీ తీసెయ్యడం. అది కూడా ఏడాది ముందు తీసి ఉండాల్సింది. అప్పుడందులో కూర్చున్నది నేను.